వెనక్కి పిలవని బేరం

మా టీమ్‌ను ఎత్తేస్తున్నామని, నెలాఖరుదాకా గడువిస్తున్నామని పాత కంపెనీ పంపిన మెయిల్ చివర ఒక పూలగుత్తి బొమ్మ ఉంది. నాలుగేళ్లు హైదరాబాద్ పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలోని మా ఇంటి పైగదిలో కూర్చుని వాళ్లకు కోడ్ రాశాను. నిజం పూలు పంపినా అమ్మ దేవుడికి పెట్టుకునేది.

బాపు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. కాబట్టి నెలాఖరులోపు ఇంకో ఉద్యోగం కావాలి, అదీ ఇంటి నుంచే చేసేది.

ఒక విదేశీ కంపెనీ ఫారమ్ నింపుతుంటే వింత కనబడింది. ఊరు ఎంచుకోగానే పైన జీతం అంకె మారిపోతోంది. పొరపాటున ముందు ఏదో యూరప్ నగరం నొక్కాను. అంకె చూసి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. హైదరాబాద్ నొక్కితే అది ఐదో వంతైంది. పని అదే, తిట్టే మేనేజరూ అతడే. కాసేపు ప్రపంచమంతా తిరిగి చూశాను. చాలా ఊళ్లలో నేను ఇక్కడికంటే తెలివైనవాణ్ణి.

ఫారమ్ చివర ‘మీరు ఆశించే జీతం’ అని ఒక గడి. అది ఖాళీగా వదిలి కిందికి దిగాను. మా ఇంటి కిందే ఇత్తడి సామాన్ల హోల్‌సేల్ దుకాణం. బేరం సంగతులు ఆ సేట్‌ను మించి ఎవరికి తెలుసు?

“ముందుగాల రేటు నువ్వు చెప్పకు బేటా. వాల్లు చెప్పినంక నవ్వు. డబుల్ అడుగు. కాదంటే లేచి నడువు. పది అడుగులు గూడ పోవు, పిలుస్తరు.”

“పిలువకుంటే సేట్?”

“ఎందుకు పిలువరు? యాభై ఏండ్ల సంది నేను పిలుస్తలేనా?”

ఈ విద్య నాకు కొత్త కాదు. చిన్నప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని గాజుల దుకాణం నుంచి విసురుగా లేచేది. గుమ్మం దాటాక మాత్రం కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు నడిచేది. పిలవడానికి అవతలివాడికి టైమ్ ఇవ్వాలి కదా.

ఆ గడి ఖాళీగానే ఫారమ్ పంపాను, టెస్టులు దాటాక జీతం మాటలదాకా వచ్చింది. వీడియో కాల్‌లో హెచ్ఆర్ మేడమ్ తెలుగావిడే. వెనక పచ్చటి కొండలు. అవి నకిలీవి. నవ్వు సంగతి చెప్పలేను.

“మేమంతా ఒక ఫ్యామిలీ అండి. మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంత?”

“మీరే చెప్పండి మేడమ్.”

చెప్పింది. నవ్వాను. డబుల్ అడిగాను.

“మీరుండేది ఓల్డ్ సిటీలో కదా, అక్కడ ఖర్చులు తక్కువేగా? పేరెంట్స్‌తోనే ఉంటారా? వంట కూడా ఇంట్లోనే కదా?”

అమ్మ చేసే పచ్చిపులుసు వీళ్లకు డిస్కౌంట్ కూపనైంది. రేపు అమ్మ అలిగి వంట మానేస్తే ఇంక్రిమెంట్ ఇస్తారా అని అడగబోయి ఆగాను.

“అయితే కుదరదు లెండి మేడమ్,” అని కాల్ కట్ చేశాను. అంటే, లేచి నడిచాను.

ఇబ్బందల్లా ఆ ఎర్ర బటన్‌కు మెల్లగా నడవడం రాదు. నొక్కగానే ఒక్కసారిగా గల్లీ దాటించేస్తుంది. తెర వైపే చూస్తూ కూర్చున్నాను. అమ్మ తలుపు దగ్గరికి వచ్చింది.

“అయిపోయిందారా?”

“లేదమ్మా. నడుస్తున్న.”

“కూసుండి నడుసుడేందిరా?”

మూడు రోజులు నడిచాను. సేట్ రోజూ “పిలిచిండ్రా?” అని అడిగాడు. మూడో రోజు, “గంత జల్ది నడుస్తరా ఎవరన్న?” అని తప్పు నా మీదికి తోసేశాడు.

నాలుగో రోజు నేనే వెనక్కి వెళ్లాను. మొన్న నెట్ పోయి కాల్ కట్టయిందని మెయిల్ రాశాను.

“అయ్యో, అర్థం చేసుకోగలం! ఈలోగా మా బడ్జెట్ కొంచెం మారింది,” అని జవాబొచ్చింది. మొదట చెప్పినదానికంటే తక్కువ అంకె, పక్కన నవ్వు బొమ్మ, సాయంత్రంలోగా తేల్చమన్న గడువు. అబద్ధం నాది, నమ్మినట్టు నటన వాళ్లది. ఫ్యామిలీయే, ఒప్పుకోవాలి.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని బాపుకు అంతా చెప్పాను. ఐదో వంతు సంగతి, వంట సంగతి, నెట్ అబద్ధం కూడా. వినేవాళ్లకు రోత పుట్టేలాగే చెప్పాననుకున్నాను.

“ఇప్పుడు ఎంతంటున్నరు?” అన్నాడు.

చెప్పాను.

“నేను దిగిపోయిననాడు నా జీతం దాంట్ల సగం గూడ లేకుండె.”

“అది కాదు బాపు, గదే పనికి అక్కడోనికి...”

“ముప్పై ఏండ్లు బండ్ల కింద పండుకొని పని జేసిన. నీకెంత కావాల్నని ఒక్కడన్న అడిగిండా? నిన్ను అడిగిండ్రు. ఇయ్యలేదు. గంతే ఫరక్.”

“మస్తు జీతమే కదరా, లొల్లి దేనికి?” అంటూ అమ్మ నెయ్యి వేసింది. నా రోతకు ఆ ఇంట్లో తోడు దొరకలేదు. రోత అలాగే ఉంది, అన్నం కూడా బాగానే ఉంది. తిన్నాను.

చెయ్యి కడుక్కుని పైకి వెళ్లాను. ‘ఈ అవకాశాన్ని ఎంతో సంతోషంగా అంగీకరిస్తున్నాను’ అని జవాబు కూడా వాళ్లే రాసి పంపారు, కాపీ చేసి తిప్పి పంపితే చాలట. ‘ఎంతో సంతోషంగా’ కొట్టేసి పంపాను. మొత్తం బేరంలో నేను తగ్గించగలిగింది అదొక్కటే.