బబ్లూ బండికి బొట్టు: సరూర్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా

బబ్లూ, నీ బండి నిన్న ఎల్బీ నగర్ దాకా పోయి వచ్చిందిరా. ముందు నీకు చెప్పి, తర్వాతే చదివేవాళ్లకు చెబుతున్నాను.

మా కొడుకు బబ్లూ నిరుడు జ్వరంతో పోయాడు. వాడు మారుతి వ్యానులో కిరాయికి సామాన్లు తోలేవాడు. తెలంగాణ కోసం జనం రోడ్డు మీదే పొయ్యి వెలిగించి, వండుకుని, అక్కడే కూర్చుని తిని నిరసన చెబుతున్నారు కదా, ఆ వంటావార్పు మా వైపు ఎక్కడ పెట్టినా వండే పెద్ద గిన్నెలు, అవే గంజులు, బియ్యం వాడి బండిలోనే పోయేవి, కిరాయి లేకుండా. వాడు పోయాక బండి సరూర్‌నగర్‌లో మా ఇంటి ముందు దుమ్ము పట్టి నిలబడిపోయింది. ఎల్బీ నగర్ చౌరస్తాలో మళ్లీ వంటావార్పు అని తెలియగానే, గంజులు ఈ బండిలోనే పోవాలని పట్టుబట్టాను. బండి కళ్లబడితే చాలు, మా ఆయనకు ముద్ద దిగదు. ఆయన ఒకటే మాట అన్నాడు: "గా బండి ఎల్బీ నగర్ దాకా పోతే ఉంచుదాం. నడుమల ఆగితే పాత సామానోళ్లకు ఇచ్చేద్దాం. మళ్ల ఏడ్వొద్దు."

మా సందు చివర మెకానిక్ యాదగిరి బండి నడిపి చూశాడు. లాగుడు బాగానే ఉంది కానీ టైమింగ్ బెల్టు పగుళ్లిచ్చింది, దారిలో తెగుతుంది, మార్చాలన్నాడు. బెల్టుకూ పనికీ కలిపి తొమ్మిది వందలు. ఆ బెల్టు ఇంజను పై చక్రాన్నీ కింది చక్రాన్నీ కలిపి తిప్పుతుందట, రెండూ ఒక్క పన్ను కూడా తేడా లేకుండా తిరగాలట. అందుకని పాతది తీసే ముందు చక్రాల మీద ఎర్రరంగు చుక్కలు గుర్తు పెట్టుకున్నాడు. అంతలో డప్పులతో ఊరేగింపు వచ్చింది. "ఇప్పుడే ఒస్తనమ్మా" అని పానా కింద పెట్టి అందులో కలిసిపోయాడు. నేను విప్పి ఉన్న ఇంజను ముందు ఒక్కదాన్నే నిలబడ్డాను. ఏడాది లోపు పండుగలు చెయ్యకూడదని మొన్న దసరాకు మా ఇంట్లో పూజ లేదు, బండికి బొట్టు పడలేదు. అది మనసులో ముల్లులా ఉంది. ఇంటికి పోయి పసుపు, కుంకుమ తడిపి తెచ్చి, కొత్త బెల్టుకూ ఆ చక్రాలకూ పసుపు రాసి బొట్లు పెట్టాను. యాదగిరి వచ్చి దండం పెట్టుకుని, బెల్టు వేసి, మూత బిగించాడు.

నిన్న పొద్దున ఎనిమిదికి బయలుదేరాం. బంద్ కాబట్టి బస్సులు లేవు, ఆటోలు లేవు. బండి నడిపింది మా పక్కింటి వెంకట్రావు గారు. గుంటూరు వైపు మనిషి, నన్ను చెల్లెమ్మా అని పిలుస్తారు. "మమ్మల్ని పొమ్మనే ఉద్యమానికి నేనే బియ్యం మోసుకెళ్తున్నాను, చూశావా చెల్లెమ్మా" అన్నారు.

"పొమ్మన్నదెవరన్నయ్యగారూ? తిని పొమ్మంటున్నం" అన్నాను.

చెరువు వైపు నుంచి మెయిన్ రోడ్డుకు ఎక్కే ఎత్తు దగ్గర నవ్వు ఆగిపోయింది. ఇంజను గోల చేస్తోంది కానీ బండి లాగడం లేదు. మొదటి గేరులో పెట్టినా, పాల క్యాను పట్టుకున్న ముసలాయన మమ్మల్ని దాటి పోయాడు. "దగ్గుతోంది కానీ నడవట్లేదమ్మా" అంటూ వెంకట్రావు గారు మెల్లగా వెనక్కి దింపి మళ్లీ యాదగిరి దగ్గరికే తెచ్చారు.

యాదగిరి ప్లగ్గులు తీసి తుడిచాడు. గాలి ఫిల్టరు దులిపాడు. కార్బురేటరు విప్పి కడిగాడు. ప్రతిసారీ ఎత్తు దాకా పోయి రావడం, మళ్లీ అదే నీరసం. చివరికి ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. నిలబడి ఉన్నప్పుడు ఇంజను చప్పుడు కుదురుగానే ఉంది కానీ ఎత్తులో అంతే, పైగా వేడెక్కింది. "ఇంజన్ల దమ్ము పోయిందేమో అమ్మా. ఏడాది సంది నిలవడ్డ బండి" అన్నాడు. అరుగు మీద కూర్చున్న మా ఆయన లేచి బండిలోంచి గంజులు దింపబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"యాదగిరీ, బెల్టు ఎయ్యకముందు గుంజింది కదా?"

"గుంజింది."

"ఏసినంక గుంజుతలేదు. కూర మంచిగుండి, ఆఖర్ల ఏసినదానితోని చెడితే, నేను గా ఆఖరుదే చూస్త. ఉప్పు అమ్మిన దుకాణందాక పోయి ఎతుకను. నువ్వు ముట్టిందే విప్పు."

"నా గుర్తు తప్పదమ్మా."

"తప్పకుంటే మంచిదే. చూపియ్యి."

గొణుగుతూనే మూత విప్పాడు. చక్రాన్ని తిప్పి గుర్తుకు తెచ్చాడు. ఎర్ర చుక్క సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. "చూడు" అన్నాడు. మరి ఏమనుకున్నాడో, పెట్రోలు గుడ్డతో ఆ చుట్టుపక్కల తుడిచాడు. ఆ చుక్క గుడ్డకు అంటుకుని వచ్చేసింది. పక్క పన్ను దగ్గర, పసుపు కింద నుంచి ఇంకో ఎర్ర చుక్క బయటపడింది. ఇది చెరగలేదు.

"అమ్మా, గిది నా రంగు. గది నీ బొట్టు! చక్రం జర కదిలిందనుకొని నీ బొట్టుకు కలిపిన."

వెంకట్రావు గారు తల పట్టుకున్నారు. "అమ్మవారు ఒక పన్ను పక్కన కూర్చుందన్నమాట." ముందు నవ్వింది మా ఆయన. ఏడాది తర్వాత ఆయన నవ్వు విన్నాను.

బెల్టు తీసి పన్ను సరిచేసి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయని చూసి, కరెంటు డబ్బాను కూడా సరిచేశాకే మూత పెట్టాడు యాదగిరి. ఈసారి మా ఆయన కూడా వెనక గంజుల పక్కన ఎక్కాడు. ఎత్తు దగ్గర నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఉన్నాం.

బంద్ రోజున ఆ రోడ్డు ఖాళీగా ఉంటుంది కానీ చౌరస్తాల్లో ఆపుతారు. కొత్తపేట దగ్గర జెండాలు అడ్డం పెట్టారు. "ఏడికే అన్నా?" అంటే, వెంకట్రావు గారు "ఎల్బీ నగర్ వెళ్తున్నామండీ" అనేశారు.

"అండీనా? దిగు, దిగు!"

నేను తల బయట పెట్టాను. "మా అన్న. బండి నా కొడుకుది. బియ్యం మీకే."

గంజులు చూసి, బండి ముందు రాసి ఉన్న బబ్లూ పేరు చదివి, ఒకతను వెనక్కి తగ్గాడు. "గీ బండి మాకెర్కే అమ్మా. అండీగారూ, నువ్వు గూడ తినే పోవాలె" అన్నాడు. పదకొండున్నరకు చేరాం. ఒంటిగంటకు పప్పు దిగింది. వెంకట్రావు గారు రెండోసారి పెట్టించుకున్నారు. మా ఆయన బబ్లూ కూర్చునే సీట్లో కూర్చుని విస్తరి మొత్తం తిన్నాడు. బండి అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

బండి నడిచినంత మాత్రాన కొడుకు రాడు, నాకు తెలుసు. కానీ వాడు మోసిన బరువు ఇంకా మోయగలిగేది ఒకటి మా ఇంటి ముందు ఉంది. దాన్ని ఆగనివ్వను. మీ బండికి బెల్టు మార్పిస్తే, మూత వేసే ముందు ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పించి, గుర్తులు కలిశాయో లేదో మీ కళ్లతో చూడండి. ఆ తర్వాత కూడా లాగకపోతే ముందు అదే విప్పించండి. బొట్టు మాత్రం బయట అద్దానికి పెట్టుకోండి. ఎంత దూరం పోతున్నా ఖాళీ కడుపుతో బయలుదేరకండి. వేళకు కూర్చుని, కడుపు నిండా తినండి.