వెనక కారులో

రోడ్డు మీద ఆగిపోయిన కార్లను తాడు కట్టి లాలాగూడ షెడ్డుకు లాక్కొచ్చే జకర్యా, ఏ బండినైనా బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని పరీక్షిస్తాడు. పాత డీజిల్ పికప్ అరిగిపోయింది. ఇప్పుడు కొనేదానితో ఇంకో పదేళ్లు బతకాలి. కార్ఖానా ఏరియాలో పాత బండ్లు అమ్మే బేరగాడు పెద్దదొకటి, చిన్నదొకటి, రెండు పికప్‌లు చూపించాడు.

"పెద్దది తీస్కో జకర్యన్నా, లారీని సుత గుంజుతది."

జకర్యా మనసూ దాని మీదే ఉంది. లాగి చూద్దామని వెనక ఒక చెడిపోయిన కారు కట్టారు. అలా లాగే కారులో స్టీరింగ్ పట్టుకుని కూర్చునేది ఎప్పుడూ అతని భార్య డోరా. ఆ రోజు ఆమెకు మెడ పట్టేసింది. ఆమె పక్కకు తప్పుకుని నిలబడితే వెనక కారులో అతనే కూర్చున్నాడు. బేరగాడు పెద్ద పికప్‌ను కదిలించగానే తాడు బిగిసి, జకర్యా తల విసురుగా వెనక్కి కొట్టుకుంది. గేరు మార్చిన ప్రతిసారీ అంతే. చిన్నది మాత్రం చెయ్యి పట్టుకుని నడిపించినట్టు తీసుకెళ్లింది.

జకర్యా మెడ తడుముకుంటూ దిగాడు. "చిన్నదే ఇయ్యి."

"ఏందన్నా, భయపడ్డవా?"

అతను డోరా దగ్గరికి నడిచాడు. "పన్నెండేండ్ల సంది గిట్లనేనా? ఒక్కపారన్న చెప్పొద్దా?"

"చెప్పిన," అంది డోరా. "మొదటి దినమే చెప్పిన. నవ్వినవ్ నువ్వు."