బేసి పూల జంఫీరా

ఆ రోజు ఫనికా నోరు ఎలా మూతపడిందో తలుచుకుంటే సఫ్తాకి ఇప్పటికీ కడుపు చల్లబడుతుంది. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే మాత్రం నోట్లో చేదు ఊరుతుంది.

ఫిబ్రవరి నెలాఖరు. డాన్యూబ్ నది ఒడ్డున బ్రయిలా ఊళ్లో గడియారం చౌకు చుట్టూ మర్తిషోర్ల బల్లలు వరసగా వేశారు. మార్చి ఒకటో తారీకు తెల్లారేసరికి ప్రతి ఆడదాని గుండెల మీదా ఎరుపూ తెలుపూ పేనిన దారంతో ఒక చిన్న పిన్ను ఉండాలి కదా, ఆ పిన్నులన్నమాట. సఫ్తా మంచుపూల గుత్తుల బుట్టతో కూర్చుంది. ఆమె పక్కన, చేత్తో పిన్నులు చేసే జంఫీరా బల్ల, దాని పక్కన ఫనికా బల్ల. దాన్ని బల్ల అనడం బల్లలకి అవమానం. ప్లాస్టిక్ గుర్రపు నాడాలు, ప్లాస్టిక్ నాలుగాకుల గడ్డి, ప్లాస్టిక్ గుడ్లగూబలు, అన్నీ గోనెలోంచి బొగ్గులు కుమ్మరించినట్టు కుమ్మరించేవాడు. దగ్గరికి వెళ్తే కొత్త రబ్బరు చెప్పుల కంపు.

ఆ ఏడాది అతని కుప్పలో జంఫీరా పిన్ను కూడా ఉంది. నీలం నేల మీద తలలు వంచుకున్న తెల్ల మంచుపూలు. కిందటేడు ఫోనుతో ఫొటో తీసుకుపోయి, ఏ దేశానికి పంపాడో ఏమో, వేలకి వేలు అచ్చు పోయించి తెచ్చాడు. తెచ్చినవాడు నోరు మూసుకుని అమ్ముకోవచ్చు కదా. లేదు.

"అమ్మలూ, ఇటు రండి," అని గొంతెత్తాడు. "అదే పిన్ను, అదే పువ్వు. జంఫీరా పిన్నమ్మ నా దగ్గరే కొనుక్కుని, చేత్తో చేశానని చెప్పి మీ నెత్తిన టోపీ పెడుతోంది."

ఆడవాళ్లందరూ జంఫీరా వైపు తిరిగారు. ఆ చూపులు చూసి సఫ్తాకి పూల బకెట్లో నీళ్లు అతని మొహాన కొట్టాలనిపించింది. జంఫీరా మాత్రం తాపీగా లేచి వెళ్లి, అతని కుప్పలోంచి ఒక పిన్ను రెండు వేళ్లతో ఎత్తింది, సూప్‌లోంచి వెంట్రుక తీసినట్టు.

"ఫనికా, ఇందులో పూలెన్ని నాయనా?"

"ఎన్నుంటే ఏం పిన్నమ్మా, పూలు పూలే."

"లెక్కపెట్టు. నీకొచ్చిన లెక్కేలే, పెద్దదేం కాదు."

"రెండు."

"మీ నాన్న పోయినప్పుడు శవపెట్టె మీద ఎన్ని పూలు పెట్టావు?"

అంతే. చౌకులో ఆడవాళ్లకి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. బతికున్నవాళ్లకి బేసి పూలు, చచ్చినవాళ్లకి సరి పూలు. ఫొటోలో దారం ముడి మూడో పువ్వు మీద పడి దాన్ని కప్పేసింది. అచ్చు పోసినవాడు కనిపించిన రెండే పోశాడు. ఆ పరాయివాడికి తెలియదు సరే. బ్రయిలాలో పుట్టి, చావింట పెట్టే కోలివా గోధుమలు తిని పెరిగిన ఈ ప్రబుద్ధుడికి ఏ రోగమొచ్చింది, సరుకు పెట్టె విప్పినప్పుడు ఒక్కసారి చూసుకోకూడదా?

అప్పటికే కొన్న ఒకావిడ శిలువ గీసుకుని, పిన్ను మీద మూడుసార్లు తూతూ అని ఉమ్మి, అతని ముందు విసిరింది. "మా అమ్మ ఒంటి మీద పెట్టబోయానురా, దిక్కుమాలినవాడా."

వెనకనించి ఇంకొకావిడ చెయ్యి చాపింది. "నాకొకటివ్వు నాయనా. మా అత్తగారికి."

ఆ రోజు ఫనికాకి అయిన బేరం అదొక్కటే.

జంఫీరా అలాంటి మనిషి. పొడుగు, వెడల్పు, పై పెదవి మీద సన్నగా మీసం. దాన్ని దాచుకోవాలని ఆమెకెప్పుడూ తోచలేదు. మొగుడు సరుకు పడవ మీద వెళ్లి మళ్లీ రాలేదు. నీళ్లలో పోయాడని కొందరన్నారు, తుల్చా ఊళ్లో ఇంకొకదానితో కాపురం పెట్టాడని కొందరన్నారు. ఎవరైనా కదిలిస్తే "రెండూ ఒకటే" అనేది. పిల్లల్లేరు.

వాళ్ల నాన్న రేవు దగ్గర పంచదార బిళ్లలు చేసేవాడు. రంగురంగుల పాకం కడ్డీలు ఒకదానికొకటి పేర్చి, వేడి మీద సాగదీసి కోస్తే, ప్రతి బిళ్ల మధ్యలోనూ పువ్వుండేది. ఎంత చప్పరించినా ఆ పువ్వు చిన్నదయ్యేదే తప్ప పోయేది కాదు. సఫ్తా, జంఫీరా నాలుక బయటపెట్టి ఎవరి పువ్వు పెద్దదని వాదించుకున్న పిల్లలే. తర్వాత జంఫీరా బట్టల ఫ్యాక్టరీలో బొత్తాల విభాగంలో పనిచేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఓవెన్‌లో పెడితే గట్టిపడే రంగు ముద్ద బజార్లోకి వస్తే, కొనుక్కొచ్చి వాళ్ల నాన్న పనే దాంతో మొదలుపెట్టింది.

తెల్ల ముద్దని కన్నీటి చుక్క ఆకారంలో పొడుగ్గా చేసి రేకులు. వాటికి ఆకుపచ్చ తొడిమె. మూడు పూలు పేర్చి, సందుల్లో నీలం కూరి, చుట్టూ నీలం చుట్టేది. అప్పుడది మోచెయ్యంత లావు, చూడ్డానికి పంది కాలులా ఉండేది. దాన్ని నొక్కి, దొర్లించి, సాగదీసి వేలంత సన్నం చేసేది. లోపలి బొమ్మ చెదరకుండా దానితోపాటే సన్నబడేది.

"కడ్డీని కొసలు పట్టుకు లాగేవాడూ పెళ్లాన్ని జుట్టు పట్టుకు లాగేవాడూ ఒకటే," అనేది. "నడుం దగ్గర పట్టుకోవాలి. పంచదారయితే వేడి మీద లాగాలి. ఇది చలి తగిలాకే కొయ్యాలి."

కిటికీ గట్టు మీద మంచులో కడ్డీని చల్లారబెట్టి, గడ్డం గీసే బ్లేడుతో, ఒక్కో కోతకీ కాస్త తిప్పుతూ కోసేది. తిప్పకపోతే ఒక పక్క చప్పిడైపోతుంది. కొస ముక్క ఎప్పుడూ మొహం చెదిరి వస్తుంది. ఊరికే పారేస్తున్నావు, నాకివ్వవే అని సఫ్తా ఒకసారి అడిగితే, "ఇది తప్పతాగి మెట్ల మీద పడిన మొహం. దీన్ని పెట్టుకు తిరుగుతావా? నా పేరు చెప్పకుండా తిరుగు" అంది. ఆ కొసలన్నీ, ఎర్ర పూల కడ్డీలవి కూడా, కలిపి పిసికితే ఎరుపూ నీలం తెలుపూ అన్నీ చచ్చి, వరద తీసిన డాన్యూబ్ బురద రంగు వస్తుంది. ఆ బురదని పల్చగా ఒత్తి పిన్ను వెనక వేసేది. జంఫీరా పిన్ను అవునో కాదో తెలుసుకోవాలంటే తిప్పి చూడాలి. వెనక బురద ఉండాలి.

ఇక అసహ్యమైన సంగతి.

కొన్నేళ్లకి జంఫీరా వేళ్లు అల్లం కొమ్ముల్లా తిరిగిపోయాయి. ముందు బ్లేడు జారింది, తర్వాత చెంచా జారింది. అప్పుడు తమ్ముడి కూతురు లుమినిత్సా వచ్చి అత్త ఇంట్లో దిగింది. ఇటలీలో ముసలివాళ్లకి సేవ చేసొచ్చిన పిల్ల. వాళ్లని ఎత్తడం, కడగడం బాగా నేర్చుకుంది. ఆ గోళ్లు చూస్తేనే సఫ్తాకి అన్నం సయించదు. ఒక్కో గోరు మీదా మెరుగులు, రాళ్లు, ఉంగరపు వేలి మీద ఏకంగా మంచుపువ్వు, అదీ ప్లాస్టిక్‌దే. అత్త బల్ల నేను చూసుకుంటానని ఆ ఏడు చౌకుకి వచ్చింది. బల్ల మీద బోర్డు పెట్టింది: జంఫీరా చేతి పని. పక్కన గాజు మూత కింద ఒక అసలు కడ్డీ, చర్చిలో పుణ్యపురుషుడి ఎముకని పెట్టినట్టు.

సఫ్తా ఒక పిన్ను తీసి తిప్పి చూసింది. వెనక పాలలా తెల్లగా ఉంది. చుట్టూ అచ్చు అతుకు గీత.

"ఇవెక్కడివే?"

"అత్తవే పిన్నీ."

"అత్తవైతే వెనక బురదేదీ?"

"వెనక ఎవరు చూస్తారు పిన్నీ? పెట్టుకున్నాక అది కోటుకి అతుక్కుని ఉండేదేగా."

"ఫనికా సరుకు కదే ఇది."

"ఇప్పుడు మూడు పూలే పోయిస్తున్నాడు, లెక్కపెట్టుకో," అని లుమినిత్సా నవ్వింది. "జనానికి కావాల్సింది కథ. కథ అత్తది, సరుకు ఫనికాది. మధ్యలో నీకేం పోయింది?"

అప్పుడే ఒక దొరసానమ్మ వచ్చి గుప్పెడు ఏరుకుంది. "చేతి పనంటే ఇదీ. చూడండి, అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి." సఫ్తా తల పక్కకి తిప్పుకుని తన పూలకేసి చూసుకుంది. ఆ మాటకి పూలే వాడిపోయినట్టనిపించింది.

లుమినిత్సా అక్కడితో ఆగలేదు. ఆవిడ పోయాక, మంచి ఆలోచన చెబుతున్నట్టు దగ్గరికి జరిగింది. "అత్త మంచం కింద డబ్బాలో పచ్చి కడ్డీలు బోలెడున్నాయి పిన్నీ. కాల్చకపోతే ఏళ్ల తరబడి పాడవ్వవు. అత్త తర్వాత వాటిని ఉల్లిపొరలా కోసి వీటి మీద అంటిస్తాను. పైన అసలు, కింద ఫనికా. అత్త పోయినా అత్త పేరు పోదు."

చచ్చినదాని చర్మం ఒలిచి బొమ్మకి తొడుగుతానన్నట్టుంది. పైగా పేరు నిలబెడతానంటోంది. సఫ్తా చేతిలో ఉన్న కోవ్రీగ్ రొట్టె తినలేక పావురాలకి వేసేసింది. అవి మాత్రం మొహమాటం లేకుండా తిన్నాయి.

మార్చి ఒకటిన, అమ్ముడుపోకుండా మిగిలిన ఒక గుత్తి పట్టుకుని సఫ్తా జంఫీరా ఇంటి మెట్లెక్కింది. ఒక పువ్వు ఎక్కువైతే తీసి జేబులో వేసుకుని, బేసి చేసుకునే వెళ్లింది. లుమినిత్సా ఇంకా చౌకులోనే ఉంది. జంఫీరా కిటికీ పక్క కుర్చీలో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. గుండెల మీద పిన్ను.

"నువ్వొచ్చావా, బతికించావు. ముందిది తియ్యి."

"ఎవరు పెట్టారు?"

"అదే. పొద్దున్నే పెట్టి, రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుని పోయింది. బొటనవేలు వెనక్కి పోనిచ్చానా, అతుకు తగిలింది. సూది తీద్దామంటే ఈ వేళ్లు మాట వినవు. అప్పట్నించీ పుండు మీద ఈగని ఉంచుకున్నట్టు కూర్చున్నాను."

సఫ్తా పిన్ను ఊడదీసింది. ఎక్కడ పెట్టాలో తెలియక తన పూలకి కట్టిన తడి కాగితంలో చుట్టేసింది. తర్వాత చౌకులో విన్నదంతా చెప్పింది. ఉల్లిపొర మాట కూడా దాచలేదు.

జంఫీరా ఒళ్లోని చేతులు తిరగేసి చూసుకుంది.

"దాన్ని తిట్టవే," అంది సఫ్తా. "నీ నోరేమైంది? చౌకు చౌకంతా నోరు మూయించినదానివి."

"తిడితే నా కాళ్లెవరు కడుగుతారు, నువ్వా? మెట్లెక్కి రావడానికే నీకు ఆయాసం. సూప్ కూడా బాగా పెడుతుందే. అదీ నా ఖర్మ. చెడ్డ సూప్ పెట్టుంటే ఈపాటికి తరిమేసేదాన్ని. ఇల్లు దానికే పోతుంది, పోనీ. గోడలు నేను చెయ్యలేదు" అంది.

"మరి డబ్బా?"

"అందుకే నువ్వు రావాలని చూస్తున్నాను. తలుపు గడియ వెయ్యి."

సఫ్తా మంచం కిందనించి బిస్కెట్ల రేకు డబ్బా లాగింది. లోపల కడ్డీలు, వేలంత లావువి, పడుకోబెట్టిన పాపల్లా. ప్రతిదాని కొసనా చెదిరిన మొహమే. లోపలేముందో కోస్తేగాని తెలియదు.

"నీ బుట్టలో నాచు కింద పెట్టుకుని ఇంటికి పట్టుకుపో," అంది జంఫీరా. "అన్నీ కలిపి పిసుకు. నా చేతులు బాగుంటే నేనే పిసికేదాన్ని. ఇన్నేళ్లు గుత్తులకి దారాలు బిగించి కట్టినదానివి, నీ వేళ్లకి బలముంది. గట్టిపడి ఉంటాయి, ఒక్కోటీ పిర్రల కింద పెట్టుకుని కాసేపు కూర్చో, మెత్తబడతాయి. నీ పిర్రలకి అయినా ఒక పనుండాలి కదా."

"అన్నీనా? ఇంత పనీ?"

"అన్నీ. ఎక్కడైనా తెల్ల చార కనబడిందంటే నువ్వు మధ్యలో ఆపేశావన్నమాట. నదీ బురద రంగు వచ్చేదాకా పిసుకు. ఏ రేకూ మిగలకూడదు. అప్పుడు ఉల్లిపొరలు కోసుకోమను, బురద పొరలు."

సఫ్తా డబ్బాని దగ్గరికి లాక్కుంది. మాట బయటికి వచ్చేసరికి మొరటుగా వచ్చింది. "ఒక్కటి కూడా ఉంచుకోవేమే, మొండిదానా."

"ఒకటుంది. అడుగున, మైనం కాగితంలో."

సఫ్తా వెతికి తీసింది. మిగతా వాటికంటే సన్నది. దీని చుట్టూ నీలం లేదు, నలుపు.

"చేతులు సాగుతున్నప్పుడే చేసుకున్నాను. రెండు పూలు. అది దేనికో నీకు చెప్పక్కర్లేదు," అంది జంఫీరా. "దాన్ని పిసకకు. ఆ రోజు వచ్చినప్పుడు కొస ముక్క పారెయ్యి, చెదిరిన మొహంతో నన్ను పంపకు. రెండో ముక్క కొయ్యి. కోసేటప్పుడు తిప్పు. వెనక నువ్వు పిసికిన ఆ బురద వెయ్యి, కాస్త మందంగానే వెయ్యి. ఓవెన్‌లో నీ కేకుల్లా మాడ్చకు. పెట్టె మూసేముందు నువ్వే నాకు పెట్టు. లుమినిత్సాని పెట్టనివ్వకు."