రేకులు లేచిపోయిన షెడ్డులో ఫైటు సీను

మా మేనమామ సినిమాల్లో వేషాల కోసం గోదావరి జిల్లా నుంచి హైదరాబాద్ వచ్చి, చివరికి వాచీలకు చైన్లను పట్టి ఉంచే పిన్నుల ఫ్యాక్టరీ పెట్టాడు. ఫ్యాక్టరీ అనేది ఆయన మాట. ఫిల్మ్‌నగర్ దిగువన బండరాళ్ల మధ్య అదొక రేకుల షెడ్డు. అందులో కొన్ని మిషన్లు, రహమత్ నగర్ నుంచి వచ్చే పనివాళ్లు, కంప్యూటర్ ముందు నేను. ఊరు ఊరంతా జావా నేర్చుకుని మాదాపూర్‌లో ఉద్యోగాల్లో చేరిపోతున్న రోజులవి. నేనూ జావా నేర్చుకుని, మామయ్యకు ఉత్తరాలు టైపు చేస్తూ ఉండేవాణ్ని.

ఒక వేసవి సాయంత్రం గాలివాన వచ్చి షెడ్డు మీది రేకులన్నీ లేపేసింది. ఒకటి వెళ్లి జూబ్లీహిల్స్‌లో ఎవరిదో బంగళా లాన్‌లో దిగింది. అడగడానికి వెళ్తే, ఓనరు ఊళ్లో లేరు కాబట్టి ఇవ్వడం కుదరదన్నాడు వాచ్‌మన్. మామయ్య తడిసిన మిషన్ల మధ్య నిలబడి ఆకాశం వైపు చూస్తూ, "అయిపోయాం రా" అన్నాడు. పాతికేళ్లుగా ఏ డైరెక్టరూ వాడుకోని నటనంతా ఆ గొంతులో ఉంది.

"డైలాగు తర్వాత మామయ్యా, ముందు ఈ టార్పాలిన్ పట్టుకో" అన్నాను.

నిజానికి భయపడాల్సిన విషయమే. మా పిన్నులు కొనేది ఒకే వాచీల కంపెనీ, ఉన్నది ఒకే ఆర్డరు. నెలాఖరుకు పిన్నులు అందకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామని వాళ్లు ముందే చెప్పారు. సరఫరా కొంత ఆలస్యం కావచ్చని నేను మెయిల్ పెడితే, పర్చేజ్ ఆఫీసరు స్వయంగా వచ్చి చూసి నిర్ణయిస్తారని జవాబొచ్చింది.

ఆయనకంటే ముందు సినిమావాళ్లు వచ్చారు. క్లైమాక్స్ ఫైటుకు పాడుబడ్డ ఫ్యాక్టరీ కావాలట. ఎంత ఖర్చుపెట్టి సెట్ వేసినా ఇంత సహజంగా రాదని ఆర్ట్ డైరెక్టరు మా షెడ్డును మెచ్చుకున్నాడు. రెండ్రోజులే అన్నారు. కొత్త రేకులు బయట దింపి ఉన్నాయి, బిగించేవాళ్లు వచ్చి కూర్చున్నారు. వద్దని నేను చెప్పేలోపే మామయ్య అందరికీ కాఫీలు చెప్పేశాడు.

మొదటిరోజు హీరో ఎవర్నో గాల్లోకి విసురుతుండగా, పర్చేజ్ ఆఫీసరు ఫైలు చంకన పెట్టుకుని వెనక తలుపు తోసుకుంటూ నేరుగా షాట్‌లోకి వచ్చేశాడు. పైన ఆకాశాన్ని చూశాడు. కాళ్ల దగ్గర వచ్చి పడిన ఫైటర్‌ను చూశాడు. నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆ మొహం డైరెక్టరుకు తెగ నచ్చింది. ఫ్యాక్టరీ మేనేజరంటే ఇలాగే భయపడాలన్నాడు. ఆయన్ను అక్కడే నిలబెట్టి మధ్యాహ్నమంతా షాట్లు తీశారు.

సాయంత్రానికి హీరో డేట్లు అయిపోయాయి. మిగతా ఫైటు ఆయన ఊటీలో పాట ముగించుకుని వచ్చాకేనట. అప్పటిదాకా షెడ్డు ఇలాగే ఉండాలట. మామయ్య మొహంలో ఈసారి నటన లేదు. ఆఫీసరు దగ్గరికి వెళ్లి, సినిమావాళ్లను పంపించేస్తానని, రేపే కప్పు వేయిస్తానని, ఆర్డరు మాత్రం తీసేయొద్దని బతిమాలాడు.

ఆఫీసరు వింటున్నది మాత్రం అసిస్టెంట్ డైరెక్టరు మాటలు. "మళ్లీ ఇదే చొక్కాలో రావాలండీ. ఈ ఫైలే పట్టుకురండి. మీసం కత్తిరించకండి సార్, కంటిన్యుటీ పోతుంది."

ఆఫీసరు మీసం తడుముకుని మామయ్య వైపు తిరిగాడు. "జర ఆగుండ్రి. రేకులు ఇప్పుడే ఎక్కియ్యకుండ్రి. నా సీను గాలే."

"మరి ఆర్డరు సార్?"

"యాడికి పోతది? రాసేది నేనే గద."

అక్కడే నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని హెడ్డాఫీసుకు ఉత్తరం చెప్పి టైపు చేయించాడు. అందులో మా గాలివాన పెను తుఫానైంది. మామయ్య రాత్రింబవళ్లు శ్రమిస్తున్నాడు. మా షెడ్డు ఇంత ఘనంగా కూలిందని నాకు అప్పుడే తెలిసింది. కంపెనీ గడువు పెంచింది.

హీరో వచ్చిన రోజు ఆఫీసరు అదే చొక్కాలో దిగాడు. మధ్యలో ఉతకలేదని దగ్గరికి వెళ్లినవాళ్లందరికీ అర్థమైంది. ఫైటు ముగిసింది, రేకులు ఎక్కాయి, పిన్నులు వెళ్లాయి, ఆర్డరు మాకే ఉండిపోయింది.

సినిమా మాత్రం రాలేదు. ఆఫీసరు వారం వారం ఫోన్ చేసేవాడు. పిన్నుల ఊసే ఎత్తేవాడు కాదు. మామయ్య రిసీవరు చెవికి ఆనించుకుని, నా పాత మెయిల్‌లోని ముక్కనే వినయంగా అప్పజెప్పేవాడు: "కొంత ఆలస్యం కావచ్చండీ."