వెంపలి దున్నిన చేను

వెంపలి చెట్లకు నిచ్చెనలు వేసే కాలం వస్తుందని మా పెద్దలు చెప్పేవారు. మనుషులు అంత మరుగుజ్జులైపోతారని దాని భావం. నడుమెత్తు కూడా పెరగని ఆ పిచ్చి మొక్కను ఎవరైనా విత్తనం చల్లి పెంచే కాలం వస్తుందని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. అబీదా బీ పెంచింది. నేను ఆమె పక్క చేనువాణ్ని, సోమన్నను. నవ్వినవాళ్లలో మొదటివాణ్ని కూడా నేనే.

బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలో పదిహేడేళ్లుగా బండలు రుద్దుతున్న మనిషి ఆమె. భర్త అల్లా బాషా పోయాక వాళ్ల రెండెకరాలు బీడు పడ్డాయి. ఏడాది తిరక్కుండానే ఎవరి ట్రాక్టర్లో ఏమో, బండలు రుద్దగా వచ్చిన పాలిష్ బురద తెచ్చి అక్కడ గుమ్మరించాయి. ఎండాక అది సున్నంలా బిగుసుకుపోయింది. కాగితాల్లో మరిది రబ్బానీ పేరు కూడా ఉంది. అతను ఒక ఫ్యాక్టరీ మేనేజరుకు అప్పటికే నోటిమాట ఇచ్చేశాడు.

"ఆ బీడు సచ్చిపోయింది వదినా. బురద పోసుకునేకి రాసిచ్చేద్దాం."

"రెండు వానాకాలాలు ఆగు రబ్బానీ. పచ్చన కాకపోతే నేనే ఏలిముద్ర ఏస్తా" అందామె.

క్వారీల దగ్గర రాళ్లు పారబోసిన దిబ్బల మీద ఇంకేదీ మొలవకపోయినా వెంపలి మొలుస్తుందని ఆమె సద్ది తింటూ ఏళ్ల తరబడి చూసింది. మేకలు కూడా దాన్ని పెద్దగా ముట్టవు కాబట్టి కంచె పని లేదు. వెనకటికి వరి పెట్టేవాళ్లు వెంపలి కొమ్మను బండ్లకొద్దీ తెచ్చి పచ్చి ఎరువుగా మడిలో తొక్కించేవారు. మా అవ్వ కడుపునొప్పికి దాని వేరు నమిలేది. ఇవన్నీ నాకూ తెలుసు. తెలిసీ నవ్వాను, అదీ నా తెలివి.

ఎండాకాలమంతా ఆమె పారతో బురద పెళ్లలు లేపి గట్టుకు మోసింది. మాఘంలో ఏరిపెట్టుకున్న కాయలు దులిపి, తొలి వానకు చల్లింది. పదిహేను మొక్కలు లేచాయేమో. అప్పుడు నేను పెద్దమనిషిలా సలహా ఇచ్చాను, దాని పొట్టు శానా గట్టిది, ఉడుకు నీళ్లలో వెయ్యమని. నా మాట నమ్మి పొయ్యి మీద పెట్టింది. ఇద్దరం కలిసి మూడు శేర్ల విత్తనాన్ని గుగ్గిళ్లు చేశాం. ఒక వానాకాలం అట్లా పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మరుసటేడు ఆమె నన్ను అడగలేదు. రెండు గరుకు బండలు ఇంటికి తెచ్చుకుంది. కింది బండ మీద విత్తనాలూ ఇసుకా పోసి, పై బండతో మెల్లగా రుద్దింది. మధ్యమధ్య వేలితో తడిమి చూసేది.

"ఎంతసేపక్కా?" అన్నాను.

"మెరుపు పోయేదాకా రుద్దల్ల, పగిలేదాకా కాదు. బండకైతే మెరుపు తెస్తాము, దీనికి తీస్తాము. చెయ్యి అదే కదప్పా."

ఒక రాత్రి నానబెట్టి చల్లింది. వారానికల్లా చేనంతా మొలకలు. భాద్రపదానికి పూత పట్టింది. ఎర్రటి ఊదా రంగు పూలు, రెండెకరాలూ. రబ్బానీ తన భార్య ఫిరోజాను తీసుకొచ్చి ఫోటోలు తీశాడు. శుక్రవారం మేనేజరు వస్తే ఈ పూలు చూపించి తిప్పి పంపుతానన్నాడు.

బుధవారం పొద్దున్నే ఆమె ట్రాక్టరు పిలిపించింది, దున్నేయడానికి.

రబ్బానీ అడ్డం పరిగెత్తాడు. నేనూ పరిగెత్తాను. "ఇంత పూత మన్నులో కలుపుతారా వదినా? ఆయప్పకు ఏం చూపించల్ల?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. "నాకు మాత్రం కడుపు కాలదా? ఇప్పుడు కలిపితేనే మన్నుకు బలం. కాయ కాసిందంటే కాడ ముదురుతాది, ఏమీ దక్కదు. గట్టెంబడి ఒక వరస ఇత్తనానికి ఇడిసిపెట్టినాను, అది సాలు. దున్నిన చేను చూపించు. బీడు ఎంత పూసినా ఎవుడో ఒకడు బురద పోస్తాడు. దున్నిన చేన్లో పోసేకి ఎవునికీ చెయ్యి రాదు."

మధ్యాహ్నానికి రెండెకరాలూ తిరగబడ్డాయి. పచ్చి వాసన నా చేనుదాకా వచ్చింది.

శుక్రవారం మేనేజరు బండి దిగి గట్టు మీద నిలబడ్డాడు. చాళ్ల వైపు చూసి, "ఏమేస్తారమ్మా?" అన్నాడు.

"ఉలవలు" అంది అబీదా బీ.

అతను రబ్బానీ వైపు తిరిగి, "మరి మనం అనుకున్న మాట?" అన్నాడు. రబ్బానీ వదినను చూడలేదు, నన్నూ చూడలేదు. వంగి ఒక మట్టిగడ్డ తీసి చేతిలో నలిపాడు.

"అది బీడు ఉన్నప్పటి మాటప్పా. ఇది మా చేను. ఇయ్యం."