కొట్టంలో మూడు రోజులు

“అమ్మా, జర నా నొసలు ముట్టి చూడే. కాలిపోతాంది.”

“మైలల ఉన్నవు, ఎట్ల ముడుతనే? రేపు తానం జేస్తవు గద, అప్పుడు చూస్త. బువ్వ ఆడ పెట్టిన, తీసుకో.”

మా అమ్మకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. తర్వాత ఆమె రెండేళ్లు బతికింది. నేను ఇప్పటికీ బతికే ఉన్నాను. మాట మాత్రం మళ్లీ కలవలేదు.

నేను చెబుతుంటే మా వదిన రాస్తున్నది. నాకు నా పేరు రాయడం వరకే వచ్చు, అదీ దవాఖానకు వచ్చినాక నేర్చుకున్నదే. వదిన వాళ్ల నాయిన ఊళ్లో చిన్న బడి నడిపేవాడు, అందుకని ఆమెకు అక్షరం తెలుసు. నేను నా మాటల్లో చెబుతాను, ఆమె పుస్తకం మాటల్లో పెడుతుంది. చదువు వచ్చిన ఆడవాళ్లు దీన్ని చదివి, రానివాళ్లకు వినిపించాలని నా కోరిక.

మా ఊరు కట్టంగూరుకు కొంచెం లోపలికి ఉంటుంది. పద్నాలుగేళ్లకు కాపురానికి పోయాను. పందొమ్మిదో ఏట గత్తర, అదే కలరా, వచ్చి ఆయన పోయాడు. పొద్దున పొలానికి పోయిన మనిషి, మాపటికి లేడు. పిల్లలు లేరు. అత్తవారు నన్ను తెచ్చి అన్న ఇంట్లో దింపి పోయారు. మా కులంలో మారుమనువు లేదు. నీళ్లు మోశాను, పేడ ఎత్తాను, కందులు విసిరాను. ఆరేళ్లు. పగలంతా మనుషుల మధ్యనే ఉండేదాన్ని, కానీ పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ‘ఏమే’ అంటే నేనే.

ఆ ఆరో ఏట కడుపు వచ్చింది.

ఎవరి వల్ల అని వదిన ఇప్పుడు కూడా తలెత్తి చూస్తున్నది. చెప్పను. బలవంతంగానా, ఇష్టంతోనా అని దవాఖానలో కంపౌండరు కూడా అడిగాడు. రెండు తీర్లా కడుపు ఒక్క తీరుగానే పెరుగుతుంది. బలవంతమైతే అయ్యో పాపం, ఇష్టమైతే చావనీ అనే న్యాయం నాకు ఎక్కదు.

మా ఇంట్లో ముట్టయిన ఆడది మూడు రోజులు పశువుల కొట్టంలో ఒక మూల కూర్చోవాలి. వేరే చాప, వేరే కంచం. ఎవరూ ముట్టరు. నాలుగో రోజు తలకు పోసుకుని ఇంట్లోకి రావాలి. ఇంట్లో ఏ ఆడదానికి ఏ రోజు వస్తుందో మా అమ్మకు నోటికి తెలుసు. ఒక్క నెల తప్పితే ఆ రోజే అడుగుతుంది. అందుకని నేను రాని ముట్టుకు కూర్చున్నాను. ఒక నెల, ఇంకొక నెల. ఆ మూడు రోజులూ బర్రె మొకం చూసుకుంటూ, ఈసారి కూడా దాటింది అనుకునేదాన్ని.

రెండో నెల దాటినాక పానగల్ శివుని గుడికి మొక్కు ఉందని చెప్పి, బొగ్గుతో నడిచే బస్సు ఎక్కి నల్లగొండ పోయాను. గుడికి కాదు, దవాఖానకు. అక్కడ బందరు దిక్కు నుంచి వచ్చిన డాక్టరమ్మ ఉండేది. మంచి మనిషి. తెర అడ్డం వేసి చూసింది.

“మూడో నెల పడిందమ్మా,” అన్నది. “మీ ఆయన వచ్చాడా?”

“లేడు. పోయి ఆరేండ్లయింది.”

నేను ఆమె కాళ్లు పట్టుకున్నాను. కాళ్లు వెనక్కి తీసుకుని, “నేను చేయలేనమ్మా. కానూను ఒప్పుకోదు. తల్లి ప్రాణానికి ముప్పు ఉంటేనే చేయాలి,” అన్నది.

“ముప్పు ఉన్నదమ్మా.”

“ఏం ముప్పు? నీ గుండె బాగుంది, రక్తం బాగుంది.”

“ముప్పు మా ఇంట్ల ఉన్నది.”

“ఇల్లు నేను చూసే జబ్బు కాదు,” అన్నది. కోపంగా అనలేదు. అలసిపోయి అన్నది. తిరిగి వచ్చేటప్పుడు ఆకలికి ఉండాలని నర్సమ్మ చేత రెండు రొట్టెలు కట్టించి ఇచ్చింది. నేను రొట్టెల కోసం పోలేదు.

ఇక మిగిలింది పక్క ఊరి మంత్రసాని. నేనే తెలివి చేశాను. నెత్తురు కనిపించినా ఎవరూ అడగకూడదని, సరిగ్గా నేను బయట కూర్చోవలసిన రోజుల్లోనే చేయించుకున్నాను. పొద్దున కంది చేనులో, మంచె చాటున. ఆమె అప్పుడే కలుపు తీసి వచ్చింది, గోళ్లలో మన్ను. ఏ పసరు, ఏ పుల్ల అనేది చెప్పను. ఎవరైనా చూసి చేస్తారేమో.

“పండ్లు గట్టిగ కొరుకు,” అన్నది. “అరిస్తే ఇద్దరం సస్తం.”

అరవలేదు. ఆమె మీద నాకు కోపం లేదు. రావద్దని తలుపు వేసినవాళ్లున్నారు, రమ్మన్నది ఆమె ఒక్కతే.

ఇంటికి వచ్చి, “అమ్మా, నేను ఇంట్ల లేను,” అని చెప్పి కొట్టంలో కూర్చున్నాను. మొదటి రోజు నొప్పి, నెత్తురు. అనుకున్నదే. రెండో రోజు మధ్యాహ్నం వణుకు పుట్టింది. మూడు బొంతలు కప్పినా ఆగని వణుకు. తర్వాత జ్వరం. మూడో రోజుకు వాసన మొదలైంది. మనుషులకన్నా ముందు బర్రెకు తెలిసింది. అది తాడు గుంజుకుని అటు దిక్కుకు పోయి నిలబడింది. నేను కట్టుకున్న తెలివే నన్ను కట్టేసింది. ముట్టులో ఉన్న ఆడదానికి నెత్తురు పోతే ఎవరు ఫికర్ చేస్తారు? ఆమె ఒళ్లు కాలుతున్నదని చూడాలంటే ముట్టాలి కదా. అమ్మ పూట పూటకూ వచ్చింది, గడప అవతల కంచం పెట్టింది, పోయింది. ఆ సాయంత్రమే నేను నొసలు చూడమన్నాను.

నాలుగో రోజు తెల్లవారి వదిన నీళ్లు కాచి పిలిచింది. నేను పలకలేదట. ఆమె లోపలికి వచ్చి నన్ను రెండు చేతులతో లేపింది. “ఓ అత్తా, పిల్ల పెనం లెక్క ఉన్నది!” అన్న అరుపు నాకు ఎక్కడో బావిలో నుంచి వినిపించింది. అన్న బండి కట్టాడు. అమ్మ బండి దాకా రాలేదు. మైల మనిషి బండి ఎక్కుతుంటే ఎదురు రాకూడదని ఇంట్లోనే నిలబడింది.

డాక్టరమ్మ నన్ను చూడగానే గుర్తు పట్టింది. అన్న ముందర ఆ సంగతి ఎత్తలేదు. “చెప్పమ్మా, లోపల ఎవరైనా ఏమైనా పెట్టారా? ఎప్పుడు పెట్టారు?” అని మాత్రం అడిగింది.

“గట్లాంటిదేం లేదు డాక్టరమ్మా,” అన్న అన్నాడు. “ముట్టు జొరం.”

“ముట్టు జ్వరం అని జబ్బు లేదండీ. ఆమెను చెప్పనివ్వండి.”

నేను అన్న మొకం చూశాను. లేదని తల ఊపాను. ఆ రోజంతా సల్ఫా మాత్రలు మింగించి, ఫీవర్ చార్ట్ మీద గీతలు గీశారు. గీత పైకే పోయింది. అన్న మంచం కాళ్ల దగ్గర కదలకుండా కూర్చున్నాడు. చెల్లెలి మీద ప్రేమతోనే కూర్చున్నాడు. ఆ ప్రేమతోనే నా నోరు మూసుకుపోయింది. ఒక రోజు పోగొట్టుకున్నాను.

మర్నాడు పొద్దున వదిన అన్నది: “ఎడ్లకు రాత్రి సంది నీళ్లు లెవ్వు. తాపి రారాదు?”

“నువ్వు పో.”

“ఆడిదాన్ని, బజార్ల ఎడ్లను తోలుకపోవాల్నా? నలుగురు చూస్తే నీకే నామోషి.”

అన్న లేచి పోయాడు. వదిన నా దిక్కు వంగి, “ఇగ జెప్పు. నేను గూడ పోవాల్నా, ఉండాల్నా?” అన్నది. (ఇది రాయనని పెన్ను పక్కన పెట్టింది ఇప్పుడు. రాయి వదినా. నువ్వు ఆ ఎడ్ల పేరు చెప్పకపోతే నేను లేను.)

“ఉండు,” అన్నాను. నర్సమ్మను పిలిపించి అంతా చెప్పాను.

“సెప్టిక్ అబార్షన్,” అన్నది డాక్టరమ్మ. “లోపల ముక్కలు మిగిలిపోయాయి. క్లోరోఫారం ఇచ్చి శుభ్రం చేయాలి. ఇప్పుడే.” కంపౌండరు కాగితం తెచ్చాడు. మగదిక్కు వేలిముద్ర కావాలన్నాడు. అన్న ఎడ్లకు నీళ్లు తాపి వచ్చేసరికి కాగితం ఆయన కోసం ఎదురుచూస్తున్నది.

అన్నకు అంతా అర్థమైంది. తిట్టలేదు, కొట్టలేదు. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

“నేను వేలు పెడితే ఒప్పుకున్నట్టయితది. రేపు కులపోళ్లు అడిగితే ఏం జెప్పాలె?”

“పెట్టకుంటే పిల్ల సస్తది,” వదిన అన్నది.

“సస్తే నేను సంపిన్నా?”

“మరి ఎవలు సంపినట్టు?”

కంపౌండరు, భర్త లేకపోతే తండ్రి, తండ్రి లేకపోతే అన్న, ఇదీ పద్ధతి అన్నాడు. అప్పుడు డాక్టరమ్మ కాగితం గుంజుకుంది. “ఒళ్లు ఆమెది. ఆమె వేలే పెట్టించండి,” అన్నది. వదిన నా బొటనవేలు పట్టుకుని సిరాలో ముంచి కాగితం మీద అదిమింది. నా ఒంటి గురించి నన్ను అడిగిన మొదటి కాగితం అదే.

క్యూరెట్ చేశారు, అంటే లోపల గీకి శుభ్రం చేశారు. నాలుగు రోజులు జ్వరం రాలేదు. గంజి తాగాను. బతికాననుకున్నాను. ఐదో రోజు పొట్ట చెక్కలాగా గట్టిపడింది, మళ్లీ వణుకు. “పెరిటొనైటిస్. కడుపంతా చీము పట్టింది. యూటరస్ తీసేయాలి,” అన్నారు. అంటే గర్భసంచి. మళ్లీ నా వేలే పెట్టాను. ఈసారి ఎవరినీ అడగలేదు. అన్న అప్పటికే ఊరికి పోయాడు. వరి నాట్ల రోజులని వదినను కూడా తీసుకుపోయాడు.

అక్కడ నుంచి ముప్పై రోజులు ఒక్కదాన్నే. కడుపులో గొట్టం, చీము డబ్బాలోకి కారేది. పక్క మంచాల వాళ్లకు సద్ది వచ్చేది, చుట్టాలు వచ్చేవాళ్లు. ఎవరైనా తలుపు దగ్గర నిలబడితే అమ్మేనేమో అని లేచి చూసేదాన్ని. కొన్ని దినాలకు లేవడం మానేశాను.

పక్క మంచం మీద ఆత్మకూర్ దిక్కు నుంచి ఒకామె వచ్చింది. ఏడుగురు పిల్లల తల్లి. ఎనిమిదోది వద్దని నా తీరుగానే చేయించుకుంది. ఒళ్లు కాలుతున్నా నవ్వించేది. “నీకు మొగడు లేక వచ్చిన తిప్పలు, నాకు మొగడుండి వచ్చిన తిప్పలు. గీ మొగోళ్లు ఉన్నా లేకున్నా మనకే నొప్పి సూడు,” అనేది. మూడో దినం పొద్దెక్కేసరికి ఆమె మంచం ఖాళీ అయింది. పెళ్లి కాని పిల్లయినా, మొగడు పోయిన నేనైనా, మొగడున్న ఆమె అయినా, అందరమూ మూసిన ఆ ఒక్క తలుపు ముందరే నిలబడతామని నాకు ఆనాడు తెలిసింది.

కుట్లు విప్పే దినం డాక్టరమ్మ చేతులు కడుక్కుంటుంటే అడిగాను.

“అమ్మా, మొన్న లోపల సాఫ్ జేసిన పనే నేను మొదలు వచ్చిననాడు జేస్తే ఎంతసేపు పట్టేది?”

“పావుగంట,” అన్నది.

“ఆనాడు కానూను ఒప్పుకోలే. మొన్న ఎట్ల ఒప్పుకున్నది?”

“మొన్న నువ్వు చచ్చిపోతున్నావు.”

“అంటే సావబోయినంక రమ్మన్నట్టు.”

ఆమె సబ్బు పెట్టిన చేతులను మళ్లీ కడిగింది, మళ్లీ కడిగింది. “నువ్వు పోయినాక రోజూ గుర్తొచ్చావు,” అన్నది. నాకు ఆ మాట ఎందుకూ పనికిరాలేదు. అయినా చెప్పింది, దాచుకోలేదు. అందుకే ఇప్పటికీ ఆమెను గౌరవిస్తాను.

విడుదల చేసిన దినం అన్న వచ్చాడు. ఇంటికి తీసుకుపోవడానికి కాదు, కబురు చెప్పడానికి. నన్ను ఇంట్లోకి రానిస్తే కులం వాళ్లు నిప్పు, నీళ్లు బందు పెడతామన్నారట. అమ్మ, ‘నా బిడ్డ కొట్టంలోనే సచ్చింది’ అని అన్నం ముట్టకుండా కూర్చున్నదట. డాక్టరమ్మ నన్ను ఆడవాళ్ల వార్డులో ఆయాగా పెట్టింది. ఉండడానికి దవాఖాన వెనక ఒక అర్ర ఇచ్చింది. ఏడేళ్లయింది. అమ్మ పోయినప్పుడు కబురు పదకొండు దినాలకు అందింది. పండుగ దినం అన్నం వండుకుంటే ఒక గిన్నె, ఒక కంచం. ఏడాదికి ఒకసారి వదిన పుట్టింటికి పోతూ దిగుతుంది. అన్న బండిని గేటు దాకా తోలి అక్కడే ఆగుతాడు.

బరువు ఎత్తితే ఇప్పటికీ నడుము లాగుతుంది. పిల్లలు కలగరు. కడుపు తీయించుకున్నందుకు నేను ఏడవలేదు. దాన్ని మంచె చాటున తీయించుకోవలసి వచ్చినందుకు ఏడ్చాను. ఎన్నో నెల అయినా, ఏ ఆడది అడిగినా, ముందరి తలుపు నుంచే రానిచ్చి, చేతులు కడుక్కున్న డాక్టరు మంచం మీద చేయాలి. ఆమె వేలిముద్ర ఆమెకు చెల్లాలి. కానూను చేసేవాళ్లు ఒక్క దినం మా వార్డులో గుడ్డలు ఉతికితే వాళ్లకు కూడా తెలుస్తుంది.

కానూను మారేదాకా మాత్రం నా మాట ఒకటి వినండి. ఏదైనా చేయించుకున్నాక వణుకు వచ్చినా, జ్వరం వచ్చినా, వాసన వచ్చినా ఆ గంటనే దవాఖానకు పోండి. తెల్లవారనీ అనవద్దు. పోయినాక వెంట వచ్చిన మగవాణ్ని ఏదో పని మీద బయటికి పంపండి. డాక్టరు అడిగితే ఏం పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఉన్నదున్నట్టు చెప్పండి. అబద్ధానికి మందు లేదు.

అయిపోయింది వదినా. ఇగ మొదటి నుంచి సదివి వినిపియ్యి. నువ్వు నా మీద ప్రేమతోటి, పావురంతోటి యాడనో ‘కడుపు పోయింది’ అని రాసి ఉంటవు. పోలే. నేను తీయించుకున్న. గట్లనే రాసినవా లేదా, నా చెవులతోటి వినాలె. సదువు.