తాళం పడినాకనే నంబరు

చేసిన పాపం చెప్తే పోతాదంటారు. పోతాదో లేదో గానీ, చెప్తాండా, వినండి.

బళ్లారిలో మా రైలు గేటుకాడ పంపమ్మను తిట్టనోడు లేడు. అందరికంటే ఎక్కువ తిట్టినోణ్ణి నేనే. నా పేరు కోదండరామి. పట్టాలకు ఈ పక్క నాది జీన్సు ప్యాంట్లు ఉతికే యూనిట్టు, ఆ పక్క బయలు. ఉతికిన ప్యాంట్లను లగేజీ ఆటోలో ఏసుకొని, గేటు దాటి, ఆ బయల్లో తీగల మీద ఆరబెట్టల్ల. ఎండ పోకముందే ఆరల్ల, సాయంత్రం బెంగళూరు లారీ ఎక్కల్ల. మధ్యలో పంపమ్మ గేటు. అది పడిందంటే నాకు నిప్పు తొక్కిన కోతి మాదిరి అవుతాండె.

ఆయమ్మ మొగుడు రైల్వేలో పట్టాల పనిచేస్తా చనిపోతే ఆ కొలువు ఈమెకిచ్చినారు. పదకొండేండ్లాయ. కూతురు అర్పిత నర్సింగు చదువుతాండాది. ఆ జీతం తప్ప తల్లీకూతుళ్లకు ఇంకో దిక్కు లేదు.

ఆమె పనికి ఒక పద్ధతి ఉండాది. బండి వచ్చే ముందు స్టేషన్ మాస్టరు ఫోన్ చేస్తాడు. ఈమె గేటు దించి, తాళమేసి, తన కాగితంలో ఉండే రెండంకెల నంబరు చెప్పల్ల. నంబరు చెప్పిందంటే గేటు పడిందని ఒప్పుకున్నట్లే. అప్పుడే ఆయప్ప సిగ్నలిస్తాడు. పంపమ్మ తాళం తిప్పి, రెండుసార్లు లాగి చూసి, ఆ తర్వాతే ఫోనులో నంబరు చెప్తాండె. మేము ఈ పక్క హారన్లు కొట్టి చచ్చినా సరే, ఆమె చెయ్యి తొందరపడేది కాదు.

మొన్న ఎండాకాలంలో ఒకనాడు ఇరవై నిమిషాలు గేటు మూసే ఉండె. నా లారీ పాయె. కోపం తలకెక్కి, "గేటు ఆయమ్మ కావాలనే లేటు చేస్తాండాది" అని కంప్లైంటు రాసి, సంతకం పెట్టి పంపిస్తి. ఎంత అబద్ధం! రెండు దిక్కులనుంచీ బండ్లు వరసగా వస్తే ఆమేం చేస్తాది? పది దినాలకు ఆమెకు మెమో వచ్చె. ఇంకొక్కటి వస్తే కొలువు పోతాదని హెచ్చరిక.

ఎవరు రాసినారో ఆమెకు చెప్పలేదు. ఆ పొద్దు గేటుకాడ నన్నే పిలిచి, స్టవ్ మీద కాచిన టీ గ్లాసులో పోసిచ్చి, "ఎవడో పుణ్యాత్ముడు నా కడుపు కొట్టినాడు కోదండప్పా" అనె. కండ్లల్లో నీళ్లు. నేను "ఔనా, ఎవరబ్బా" అంటి. అని, ఆ టీ తాగితి. తూ, నా బతుకు!

అప్పట్నుంచి ఆమె చెయ్యి మారిపాయె. గేటు దించే హ్యాండిలు తిప్పుతానే, ఫోను భుజానికి ఆనించుకొని మాట్లాడబట్టె. నేను చూసినా. చూసి, పర్వాలేదు, బేగ అయిపోతాండాదిలే అని సంతోషపడినా.

పోయిన నెల ఒక మధ్యాహ్నం. రెండు ట్రిప్పుల తడి ప్యాంట్లు ఒకే ట్రిప్పులో ఏయించినా, డీజిలు మిగుల్తాదని. తడి జీన్సు ఎంత బరువో నాకు తెలీదా? తెలుసు. ఆటో హులిగేశ్‌ది. మూటలు జారకుండా పట్టుకోనీకి నా భార్య హనుమక్క వెనకాల కూర్చునె. నేను నడిచి వస్తాండా.

ఫోను మోగె. పంపమ్మ హ్యాండిలు తిప్పుతానే నంబరు చెప్పేసె. గేటు కమ్మి ఇంకా సగమే దిగుండె. హులిగేశ్ దాని కిందనే దూరిపాయె. మా ఊర్లో అందరం అట్లే దూరుతాం. సరిగ్గా పట్టాల నడుమ ఫట్‌మని ఇరుసు విరిగి ఆటో ఒక పక్కకు ఒరిగె. మూటలన్నీ హనుమక్క కాళ్ల మీద పడె.

"యోవ్, కాలు బయటికి రాకుండాది!" అని అరిచె హనుమక్క.

పంపమ్మ ఫోన్లో కేకేసె: "సార్, గేటు పడలేదు! తప్పు నంబరిచ్చినా! బండి ఆపండి!" ఆ పక్కనుంచి ఏమన్నారో గానీ, ఆయమ్మ మొకం తెల్లబడె. బండి సిగ్నలు దాటేసినాదంట. హగరి స్టేషను దిక్కునుంచి వచ్చే బొగ్గు బండి, యాబైకి పైన వ్యాగన్లు.

ఆమె ఎర్ర జెండా, బండి ఎక్కగానే పేలి డ్రైవరును ఆపమనే పట్టాల పటాకీల డబ్బీ తీసుకొని ఉరికె. చెప్పులు గేటుకాడనే ఉండిపాయె. ఆ ఎండలో, ఆ కంకర రాళ్ల మీద, జెండా ఊపుకుంటా మలుపు దాటి కనపడకుండా పాయె.

నేను, హులిగేశ్, గేటుకాడ నిలిచిన ఇంకో ఇద్దరు మూటలు లాగుతాండాం. ఒక్కొక్కటీ పిల్లర్ రాయంత బరువు. నా చేతులతో నేనే ఏయించిన బరువు. "తీయండప్పా, తీయండి" అని ఏడుస్తాండా. పట్టాలు సన్నగా వణకబట్టె. మలుపు అవతల ఢాం అని ఒక పటాకీ, మళ్లా ఇంకొకటి. ఇంజను హారను, బ్రేకుల అరుపు. హనుమక్క కాలు బయటికి వచ్చేసరికి ఇంజను మా ముందర పది గజాల్లో నిలిచిపాయె.

నాలుగు దినాలకు ఎంక్వైరీ. ముందర్రోజు హులిగేశ్ పంపమ్మతో, "గేటు పడినాక నేనే కమ్మి ఎత్తి దూరినానని చెప్తానక్కా, ఫోన్లో గాబరాలో అట్లన్నానని నువ్వు చెప్పు, నాకు ఫైనుతో పోతాది" అనె. అందరం సరే అంటిమి. మేమంతా అదే చెప్పనీకి పోతిమి.

ఆఫీసరు అడిగినాడు. పంపమ్మ నిలబడి, "నంబరు ముందిచ్చినా సార్. తాళం ఏయలేదు" అనె.

"పదకొండేండ్లు లేని తప్పు ఇప్పుడెందుకు చేసినావమ్మా?"

"కంప్లైంటు భయం సార్. ఇంకొకటి వస్తే నా బిడ్డ చదువు ఆగిపోతాదని తొందరపడినా."

ఆయప్ప ఫైలు తిరగేసి ఒక కాగితం తీసె. "కోదండరామి అంటే ఎవరు?"

నేను లేచి నిలబడితి. "సార్, అది అబద్ధం సార్, కోపంలో రాసినా, చించేయండి" అంటి. ఆయప్ప చించలేదు. తాళం ఏయకుండా నంబరియ్యడం రూల్సులో రాసిపెట్టిన తప్పంట, కొలువులోనుంచి తీసేయక తప్పదని చెప్పె.

పంపమ్మ అంతసేపూ నన్నే చూస్తాండె. పదకొండేండ్లు నన్ను అప్పా అని తప్ప పిలవని మనిషి.

"నా చేతి టీ తాగితివి కదరా" అనె.

సంచి తీసుకొని బయటికి పాయె. నా పక్కన కూర్చున్న హనుమక్క లేచి, కుంటుకుంటా ఆమె వెనకాలే పాయె.